ఎర్రబడిన ప్రింటును తెర మీద ఎంతవరకు సరిదిద్దగలం?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

రంగు వెలిసిన పాత సినిమా ప్రింట్లను ప్రదర్శించేటప్పుడు బొమ్మను కాస్త మెరుగ్గా చూపించే మార్గాల గురించి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు కావడం వల్ల వాటిని ఈ సంచికలో ఒక్కచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఫిల్మ్ సొసైటీ వార్షికోత్సవానికి 1970ల నాటి ఒక తెలుగు చిత్రం 35 ఎం.ఎం. ప్రింటు దొరికింది. ప్రొజెక్టర్లు ఇంకా పనిచేస్తున్న ఒక పాత థియేటర్లో ట్రయల్ వేసి చూశాము. ఆకాశం గులాబీ రంగులో, చెట్లు ఎండిన ఆకుల రంగులో, నల్ల కోట్లు ముదురు ఎరుపులో కనిపిస్తున్నాయి. లెన్సు ముందు తగిన రంగు ఫిల్టరు పెడితే అసలు రంగులు తిరిగి వస్తాయని ఒక మిత్రుడు అంటున్నారు. ఇది నిజమేనా?
– ఫిల్మ్ సొసైటీ కార్యదర్శి, విజయవాడ

జవాబు: ఫిల్టరు పెడితే బొమ్మ చూడటానికి తప్పకుండా మెరుగవుతుంది కాని, అసలు రంగులు తిరిగి రావు. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలిస్తే ఏ ఫిల్టరు ఎంత మోతాదులో వాడాలో మీకే అర్థమవుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాము.

కొడాక్ సంస్థ 1950లో తీసుకువచ్చి, తర్వాత గోడ పోస్టర్ల మీద సినిమా పేరుతో సమానంగా కనిపించిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింటులో మూడు రంగు పొరలు ఉంటాయి. పసుపు పొర నీలి కాంతిని, మెజెంటా (ఊదా కలిసిన గులాబీ) పొర ఆకుపచ్చ కాంతిని, సయాన్ (నీలిపచ్చ) పొర ఎర్ర కాంతిని ఆపుతాయి. మూడూ దట్టంగా ఉన్నచోట తెర మీద నలుపు, మూడూ పలచగా ఉన్నచోట తెలుపు కనిపిస్తాయి. ఆ కాలపు ప్రింట్లలో సయాన్ రంగు అన్నిటికంటే త్వరగా, ప్రింటు చీకట్లో డబ్బాలో ఉన్నా సరే, క్షీణిస్తుంది. దాని వెనుకే పసుపు క్షీణిస్తుంది. మెజెంటా చాలా కాలం నిలుస్తుంది. ఎర్ర కాంతిని ఆపే పొర పోయింది కాబట్టి ఎరుపు అడ్డూ ఆపూ లేకుండా తెర మీదకు వస్తోంది. ఆకు రంగు సయాన్, పసుపు కలిస్తే ఏర్పడేది కాబట్టి సయాన్ తగ్గగానే ఆకులు ఎండిపోయినట్టు కనిపిస్తాయి.

ఎరుపు ఎక్కువైంది కాబట్టి ఎరుపును ఆపే సయాన్ ఫిల్టరు పెడితే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. అయితే రంగు వెలియడం అన్నిచోట్లా ఒకే మోతాదులో జరగదు. ఎక్కడ రంగు ఎక్కువగా ఉందో అక్కడే ఎక్కువగా పోతుంది. లెక్క వేసి చూద్దాము. రంగు ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకెను సాంద్రత అంటారు. సాంద్రత 0.30 అంటే కాంతి సగానికి తగ్గుతుందని, 1.0 అంటే పదో వంతుకు తగ్గుతుందని గుర్తు పెట్టుకోండి. కొత్త ప్రింటులో ఒక నల్ల కోటు దగ్గర సయాన్ సాంద్రత 2.0, నటుడి ముఖం దగ్గర 0.80, తెల్ల పంచె దగ్గర 0.20 ఉన్నాయనుకుందాము. ఏళ్లు గడిచి సయాన్ సగం పోతే ఇవి 1.0, 0.40, 0.10 అవుతాయి. అంటే కోటుకు 1.0, ముఖానికి 0.40, పంచెకు 0.10 చొప్పున తిరిగి చేర్చాలి. ఫిల్టరుకు అంత విచక్షణ లేదు. తెర మొత్తానికి ఒకే మోతాదును కలుపుతుంది. ముఖానికి సరిపోయే 0.40 ఫిల్టరు పెట్టారనుకోండి. ముఖం చక్కబడుతుంది. పంచె మీద 0.30 ఎక్కువ పడి ఎరుపు సగానికి తగ్గుతుంది కనుక అది నీలిమందు ఎక్కువైన బట్టలా కనిపిస్తుంది. కోటుకు మాత్రం ఇంకా 0.60 లోటు ఉంటుంది. అంటే అక్కడి నుంచి రావలసిన దానికి దాదాపు నాలుగు రెట్లు ఎర్ర కాంతి వస్తూనే ఉంటుంది. వెలుగు భాగాలు నీలిపచ్చగా, చీకటి భాగాలు ఎర్రగా, మధ్యస్థంగా ఉన్నవి మాత్రం సహజంగా కనిపించడం ఫిల్టరు వేసిన ప్రతి వెలిసిన ప్రింటులోనూ జరిగేదే.

అందుచేత తెలుపును తెల్లగా, నలుపును నల్లగా చేయాలన్న ప్రయత్నం మానుకుని, ముఖాల రంగు ఒప్పేలా ఫిల్టరును ఎంచుకోవాలన్నది మా సలహా. ప్రేక్షకుడి చూపు ఎక్కువసేపు నిలిచేది నటీనటుల ముఖాల మీదే. అది కూడా పూర్తిగా సరిదిద్దవద్దు. లెక్క ప్రకారం 0.40 కావాలని తోస్తే 0.30తో ఆగండి. చర్మం రంగులో కొంచెం ఎరుపు మిగిలితే ఎవరూ పట్టించుకోరు కాని, కొంచెం పచ్చ తిరిగితే మాత్రం రోగిష్టి ముఖంలా కనిపించి హాలంతా గమనిస్తుంది.

ఫిల్టరు కొనే ముందు ప్రింటును పగటి వెలుతురులో పట్టుకుని రెండు ఫ్రేములకు మధ్య ఉన్న అడ్డ గీతను చూడండి. కొత్తదనంలో నల్లగా ఉండే ఆ గీత ఇప్పుడు ముదురు ఎరుపుగా ఉంటే ప్రధానంగా సయాన్ పోయిందని, ఊదా కలిసిన గులాబీ రంగులో ఉంటే సయాన్‌తో పాటు పసుపు కూడా బాగా తగ్గిందని అర్థం. మొదటి సందర్భంలో సయాన్ ఫిల్టరు చాలు. రెండో సందర్భంలో దానికి కొద్దిగా పసుపు చేర్చాలి. సయాన్, పసుపు కలిస్తే ఆకుపచ్చ కాబట్టి అలాంటి ప్రింటుకు లేత ఆకుపచ్చ వైపు మొగ్గిన ఫిల్టరు నప్పుతుంది. ఫోటోగ్రఫీ సామాను అమ్మేచోట దొరికే రంగు సవరణ ఫిల్టర్లను సి.సి. 10, 20, 30, 40, 50 అని సాంద్రతను బట్టే పిలుస్తారు కనుక పైన చెప్పిన లెక్క నేరుగా పనికివస్తుంది, సి.సి. 30 సయాన్ అంటే ఎర్ర కాంతిలో సగాన్ని ఆపేది.

బొమ్మ మసకబారుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. తెల్లటి కాంతిలో మన కంటికి వెలుగుగా తోచే దానిలో ఎరుపు వంతు సుమారు ఐదో భాగమే, ఆకుపచ్చ వంతు మూడింట రెండు వంతులకు పైగా ఉంటుంది. అదీగాక రంగు పోయిన ప్రింటు కొత్త ప్రింటు కంటే ఎక్కువ కాంతిని వదులుతుంది. ఫిల్టరు ఆపే దానిలో కొంత భాగం అసలు తెర మీదకు రాకూడని కాంతే. అయినా ఆచరణలో ఏ సయాన్ ఫిల్టరూ ఎరుపును మాత్రమే ఆపదు, ఆకుపచ్చను, నీలాన్ని కూడా కొంత తింటుంది. కాబట్టి ముందుగా థియేటర్లోని వెలుగును సరిచూసుకోండి. ఫిల్ము లేకుండా ఖాళీ గేటుతో (ఫ్రేము మీద లాంపు కాంతి పడే చోటే గేటు) ప్రొజెక్టరును నడిపినప్పుడు తెర మధ్యలో వెలుగు 16 ఫుట్ లాంబర్టులు (తెర వెలుగుకు కొలత) ఉండాలన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. లాంప్ హౌస్ అద్దం, లెన్సు, క్యాబిన్ కిటికీ అద్దం శుభ్రం చేసి, జినాన్ లాంపును అద్దం కేంద్రంలో సరిగ్గా కూర్చోబెడితేనే చాలా థియేటర్లలో వెలుగు గణనీయంగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి పొగ పట్టి తెర పసుపుగా మారి ఉంటే దాన్ని ఏ ఫిల్టరూ సరిచేయలేదు.

ఒకే ఫిల్టరుతో సినిమా అంతా నడిపించనక్కర లేదు. పైన చెప్పిన లెక్క ప్రకారం చీకటి దృశ్యాలకు దట్టమైన ఫిల్టరు, ఆరుబయట ఎండలో తీసిన దృశ్యాలకు పలచని ఫిల్టరు కావాలి. ట్రయల్ షోలో ఏ రీలులో రాత్రి దృశ్యాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కాగితం మీద రాసుకుని, షాటు మారే క్షణంలో ఫిల్టరును మార్చగలిగితే ఫలితం బాగుంటుంది. షాటు మధ్యలో మాత్రం మార్చవద్దు. ప్రతి షాటుకూ మార్చే ఉత్సాహం కూడా అనవసరం. టైటిళ్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. తెల్లటి అక్షరాలు సయాన్ ఫిల్టరులో నీలిపచ్చగా కనిపించి మోసాన్ని బయట పెడతాయి. టైటిళ్లను పలచని ఫిల్టరుతో గాని, ఫిల్టరు లేకుండా గాని నడిపి, కథ మొదలయ్యాక అసలు ఫిల్టరును దించండి.

మన కన్ను కూడా ఈ పనిలో సాయపడుతుంది. చీకటి హాలులో ఎదురుగా ఉన్న బొమ్మ తప్ప వేరే వెలుగు లేకపోతే, కొద్ది నిమిషాల్లో కన్ను ఆ ఎరుపుకు అలవాటుపడి దాన్ని కొంత తగ్గించి చూస్తుంది. పక్కన తెల్లటి వెలుగు ఏదైనా కనిపిస్తే ఆ అలవాటు చెదిరిపోతుంది. తలుపుల దగ్గరి తెల్ల బల్బులను, ముందు వరుసల్లోని సెల్‌ఫోన్లను అదుపు చేయడం అరువు తెచ్చిన ఫిల్టరు కంటే ఎక్కువ మేలు చేయవచ్చు. అదే విధంగా, ఈ ప్రింటుకు ముందు కొత్త ప్రింటుతో గాని, డిజిటల్ ప్రొజెక్టరుతో గాని ఏ లఘు చిత్రమూ వేయకండి. వేస్తే మీ సినిమా మొదటి రీలు ఉన్నదానికంటే రెట్టింపు ఎర్రగా తోస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకొక మాట. ఒకే ప్రింటులో వేర్వేరు రీళ్లు వేర్వేరుగా వెలిసి ఉండటం మామూలే. ఒక రీలు పాడైతే వేరే ప్రింటు నుంచి తెచ్చి కలిపినవి, వేరే కంపెనీ ఫిల్ము మీద వేసినవి వాటిలో ఉంటాయి. రెండు ప్రొజెక్టర్ల మీద రీళ్లు మారుస్తూ ఆడించేటప్పుడు మారిన ప్రతిసారీ రంగు గంతు వేస్తుంది. కన్ను ఒక స్థిరమైన ఎరుపును క్షమిస్తుంది కాని, ఈ గంతును క్షమించదు. తక్కువ వెలిసిన రీలును అలాగే వదిలి, ఎక్కువ వెలిసిన రీలును దాని స్థాయికి ఫిల్టరుతో తీసుకురండి. మా దృష్టిలో ప్రొజెక్షన్ ఫిల్టరుకు ఉన్న అత్యుత్తమ ఉపయోగం ఇదే.

ప్రశ్న: నేను చాలా కాలం ఆపరేటరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఒకసారి ఇలాంటి ప్రింటుకే లాంప్ హౌస్‌కు, గేటుకు మధ్య నాటకాల లైట్లకు వాడే రంగు జిలెటిన్ కాగితం పెట్టి చూశాము. రీలు సగం కాకముందే అది ముడుచుకుపోయి మధ్యలో తెల్లబడింది. సరైన చోటు ఏది?
– విశ్రాంత ఆపరేటరు, రాజమహేంద్రవరం

జవాబు: లాంపు నుంచి వచ్చే కాంతి అంతా గేటు దగ్గర ఫ్రేము పరిమాణానికి కుదించుకుని పడుతుంది కనుక ప్రొజెక్టరులో వేడి అత్యధికంగా ఉండే చోటు అదే. రంగు కాగితాలకు ఆ స్థానం పనికిరాదు. అది చిరిగి ఫిల్ము దారిలో పడితే ప్రింటుకే ప్రమాదం. ఫిల్టరు ఎప్పుడూ లెన్సుకు ముందే, అంటే లెన్సుకు తెరకు మధ్యనే ఉండాలి. స్కోప్ సినిమాలకు వాడే లెన్సు బిగించి ఉంటే దానికి కూడా ముందే పెట్టండి.

లెన్సు మూతి దగ్గర కాంతి ఇంకా చిక్కగానే ఉంటుంది. పెద్ద జినాన్ లాంపు ఉన్న ప్రొజెక్టరు మీద అక్కడ కూడా పలచని జిలెటిన్ నెమ్మదిగా వెలిసిపోతుంది. అందువల్ల ఫిల్టరును క్యాబిన్ కిటికీ అద్దం దగ్గరకు జరిపితే మేలు. అక్కడికి చేరేసరికి కిరణాలు కొంత విస్తరిస్తాయి కాబట్టి పెద్ద ముక్క కావలసి వచ్చినా, వేడి తగ్గుతుంది. కిటికీకి లోపలి వైపు నిలువు గాడులు ఉన్న చిన్న చెక్క చట్రాన్ని బిగించి, ఒక్కొక్క ఫిల్టరును అట్ట ఫ్రేములో అతికిస్తే కిటికీ తలుపు దించినట్టే ఫిల్టరును దించి ఎత్తవచ్చు. చీకట్లో చేతికి తెలిసేలా, ఫ్రేము అంచున పలచని దానికి ఒక గాటు, దట్టమైన దానికి రెండు గాట్లు పెట్టుకోండి.

నాటకాల లైట్లకు వాడే కాగితం చవక కాని, దాని ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉంటే బొమ్మ పదును తగ్గుతుంది. టైటిల్ అక్షరాల మీద ఫోకస్ చేసి, ఫిల్టరు పెట్టి, తీసి చూస్తే తేడా తెలుస్తుంది. ముడతలు లేకుండా బిగించి కట్టిన ఒకే ఒక్క పొర అయితే చాలావరకు ఇబ్బంది ఉండదు. పలచని వాటిని మూడు నాలుగు దొంతరగా పెట్టడం కంటే కావలసిన సాంద్రత ఉన్న ఒక్కటి మంచిది. పూత లేని ప్రతి ఉపరితలం నాలుగు శాతం దాకా కాంతిని వెనక్కు కొడుతుంది, ఆ కాంతి తెర మీద నలుపును బూడిద చేస్తుంది.

వేడికి, కాలానికి తట్టుకునే ఫిల్టరు కావాలంటే, రంగు ఫోటోలు ప్రింటు చేసే ఎన్‌లార్జర్లలో వాడే డైక్రోయిక్ అద్దాలు ఉత్తమం. వాటిలో రంగు పదార్థం ఉండదు. అద్దం మీది అతి పలచని పూతలు ఎర్ర కాంతిని వెనక్కు తిప్పి పంపుతాయి. కాంతి వాటి మీద వాలుగా పడితే రంగు మారుతుంది కాబట్టి తెరకు దగ్గరగా ఉన్న చిన్న హాళ్లలో, వెడల్పుగా వేసే లెన్సులతో తెర అంచులు మధ్య భాగం కంటే వేరే రంగులో కనిపించవచ్చు. ముందుగా ఖాళీ గేటుతో తెర మీద వేసి చూసుకోండి.

ప్రశ్న: నా దగ్గర 16 ఎం.ఎం. ప్రొజెక్టరు, కొన్ని రంగు ప్రింట్లు ఉన్నాయి. ఇంట్లో పది అడుగుల తెర మీద వేసుకుంటాము. సయాన్ ఫిల్టరు పెడితే బొమ్మ చీకటైపోతోంది. లాంపు మార్చడం వల్ల ప్రయోజనం ఉంటుందా?
– సేకరణకర్త, వరంగల్

జవాబు: మీ కష్టానికి లాంపే మూలం. 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లలో మామూలుగా ఉండే హాలోజన్ లాంపు కాంతి రంగు ఉష్ణోగ్రత 3200 నుంచి 3400 కెల్విన్ల దగ్గర ఉంటుంది. అది స్వతహాగా పసుపు, ఎరుపు ఎక్కువగా ఉన్న కాంతి. థియేటర్ల జినాన్ లాంపు కాంతి 6000 కెల్విన్ల దరిదాపుల్లో, పగటి వెలుతురులా ఉంటుంది. అదే ప్రింటు జినాన్ కాంతిలో వేస్తే ఏ ఫిల్టరూ లేకుండానే కొంత నయంగా కనిపిస్తుంది. జినాన్ లాంపుతో వచ్చిన 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లు ఉన్నాయి కాని అవి బరువైనవి, ఖరీదైనవి. హాలోజన్ ప్రొజెక్టరులోనే ఇతర రకం లాంపును అమర్చే ప్రయత్నం మాత్రం మీ స్వహస్తాలతో చేయవద్దు. అద్దం, కండెన్సర్, చల్లబరిచే పంకా అన్నీ ఆ ఒక్క లాంపు కొలతకే అమర్చి ఉంటాయి.

మీ చేతిలో ఉన్న ఉపాయాలు మూడు. ప్రొజెక్టరు మీద లాంపు మీట 'లో' వద్ద ఉంటే 'హై' చేయండి. లాంపు జీవితం తగ్గినా కాంతి పెరుగుతుంది, ఎరుపు కూడా తగ్గుతుంది. ఇంట్లో వోల్టేజీ తక్కువగా ఉంటే హాలోజన్ కాంతి మరింత ఎర్రబడుతుంది కనుక స్టెబిలైజరు వాడండి. అన్నిటికంటే ముఖ్యంగా, తెరను చిన్నది చేయండి. పది అడుగుల వెడల్పును అయిదు అడుగులు చేస్తే వెలుగు నాలుగు రెట్లు అవుతుంది. ఆ తర్వాత సి.సి. 30 సయాన్ పెట్టినా బొమ్మ హాయిగా కనిపిస్తుంది. హాలోజన్ కాంతిని పగటి వెలుతురుగా మార్చే నీలి ఫిల్టర్లు కూడా దొరుకుతాయి కాని, వాటిలో దట్టమైనది నాలుగింట మూడు వంతుల కాంతిని మింగేస్తుంది. మీ 16 ఎం.ఎం. ప్రొజెక్టరు దాన్ని భరించలేదు.

ఒక ప్రింటు పూర్తిగా గులాబీ రంగుకు తిరిగి, ఏ ఫిల్టరుకూ లొంగకపోతే ఒక విచిత్రమైన దారి ఉంది. అందులో మిగిలింది దాదాపు మెజెంటా పొర ఒక్కటే, అది ఆపేది ఆకుపచ్చ కాంతిని. కాబట్టి దట్టమైన ఆకుపచ్చ ఫిల్టరు పెడితే బొమ్మ ఒకే రంగులో, కాని మంచి నలుపు తెలుపు తేడాతో స్పష్టంగా కనిపిస్తుంది. పచ్చటి నలుపు-తెలుపు సినిమాలా ఉంటుంది. కొందరికి అది నచ్చదు. హావభావాలు కూడా గుర్తుపట్టలేని గులాబీ మంచు కంటే నయమన్నది మా అభిప్రాయం.

ప్రశ్న: మా దగ్గర ఉన్న పాత ప్రింటులో బొమ్మ పూర్తిగా ఎర్రబడినా పాటలు, మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. సౌండ్ ట్రాకు కూడా అదే ఫిల్ము మీద ఉంది కదా, అది ఎందుకు పాడవలేదు?
– గుంటూరు

జవాబు: ఆ కాలంలో రంగు ప్రింటును కడిగేటప్పుడు బొమ్మ ఉన్న భాగంలోని వెండిని పూర్తిగా తీసేసేవారు కాని, సౌండ్ ట్రాకు ఉన్న పట్టీ మీద మాత్రం ప్రత్యేకంగా మందు పూసి వెండిని నిలిపేవారు. ప్రొజెక్టరులో ట్రాకు మీద కాంతి వేసే ఎక్సైటర్ లాంపు, ఆ కాంతిని అందుకునే ఫోటో సెల్ ఎక్కువగా కంటికి కనిపించని పరారుణ కాంతితో పనిచేస్తాయి. రంగు పదార్థాలు ఆ కాంతిని ఆపలేవు, వెండి ఆపుతుంది. వెండికి రంగులా వెలిసే గుణం లేదు కాబట్టి మీ పాటలు నిలిచాయి.

ప్రశ్న: ఒకే కాలానికి చెందిన రంగు ప్రింట్లలో కొన్ని ఎర్రబడి, మరికొన్ని కొత్తవాటిలా ఉండటానికి కారణం ఏమిటి? కొనేటప్పుడు గుర్తుపట్టే మార్గం ఉందా?
– సినిమా అధ్యయన విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ముఖ్యమైన కారణం ప్రింటు తయారైన పద్ధతి. టెక్నికలర్ సంస్థ అద్దకం పద్ధతిలో వేసిన ప్రింట్లలో రంగును రసాయన చర్యతో ఫిల్ములోనే పుట్టించరు. ముందే తయారైన స్థిరమైన రంగులను ఒక్కొక్కటిగా ఫిల్ము మీదకు అద్దుతారు. అందుకే 1950ల నాటి టెక్నికలర్ ప్రింట్లు ఈనాటికీ నిగనిగలాడుతున్నాయి. 1953లో వచ్చిన హిందీ చిత్రం 'ఝాన్సీ కీ రాణి' టెక్నికలర్‌లో తయారైనదే. ఖర్చు, వేగం దృష్ట్యా ఈ పద్ధతి 1970లలో అమెరికాలోను, ఆ దశాబ్దం చివరలో లండన్‌లోను ఆగిపోయింది. చైనాలో మాత్రం 1990ల తొలినాళ్ల వరకు సాగింది.

మన పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రాలు 1963లో 'లవకుశ'తో మొదలయ్యాయి. అప్పటి నుంచి రెండు దశాబ్దాల పాటు వాడిన రంగు పాజిటివ్ ఫిల్ములు (ప్రింట్లు వేసే ఫిల్ములు), ఏ కంపెనీవైనా సరే, ఎక్కువ తక్కువలతో వెలిసేవే. ఈ సమస్య మీద 1980లో అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ తోటి దర్శకులను కూడగట్టి ఫిల్ము తయారీదారుల మీద ఒత్తిడి తెచ్చారు. 1980ల తొలినాళ్లలో కొడాక్ తక్కువగా వెలిసే పాజిటివ్‌ను తీసుకువచ్చింది. ఆ ఫిల్ము అంచున ఎల్.పి.పి. అన్న అక్షరాలు ఉంటాయి. రంధ్రాల పక్కన భూతద్దంతో చూస్తే చదవవచ్చు. ఆ అక్షరాలు ఉన్న ప్రింటు సరిగా దాచిపెట్టినదైతే ధైర్యంగా కొనవచ్చు. పాత టెక్నికలర్ ప్రింటును సౌండ్ ట్రాకును బట్టి కూడా పోల్చవచ్చు. దాని ట్రాకు రంగు ఛాయ లేని బూడిద రంగులో ఉంటుంది, ఈస్ట్‌మన్ కలర్ ట్రాకు నీలం, ఊదా కలిసినట్టు ఉంటుంది. అమ్మేవారు చూపించే ఒకే ఒక్క మంచి ఫ్రేమును చూసి నిర్ణయించుకోకండి. ప్రతి రీలు మొదట, చివర, మధ్యలో ఫ్రేముల మధ్య గీతను చూడండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం ప్రదర్శనల కోసం ఎప్పుడో తెప్పించిన ఒక 16 ఎం.ఎం. రంగు ప్రింటు మా బేస్‌మెంటులో ఉంది. ప్రొజెక్టరుతో కాక, దీన్ని స్కాన్ చేసి డిజిటల్‌గా రంగు సరిదిద్దితే ఫిల్టరు కంటే మెరుగ్గా ఉంటుందా?
– న్యూజెర్సీ

జవాబు: చాలా మెరుగ్గా ఉంటుంది. కారణం మొదటి జవాబులోని లెక్కలోనే ఉంది. ఫిల్టరు తెర మొత్తానికి ఒకే మోతాదును కలుపుతుంది కాని, కంప్యూటరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలను విడివిడిగా తీసుకుని ఒక్కొక్కదానిలో చీకటి వెలుగుల తేడాను వేరుగా పెంచవచ్చు. 1.0కు తగ్గిన కోటును 2.0కు, 0.10కు తగ్గిన పంచెను 0.20కు ఒకేసారి తీసుకువెళ్లడం అక్కడ సాధ్యమే. అయితే అందులో కూడా ఒక హద్దు ఉంది. సయాన్ పొరలో మిగిలిన కొద్దిపాటి సమాచారాన్ని సాగదీసినప్పుడు దానితో పాటు గరుకుదనం కూడా పెరిగి, చీకటి భాగాలు ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. పొరలో అసలేమీ మిగలకపోతే పెంచడానికి కూడా ఏమీ ఉండదు. అప్పుడు ఆ రంగులను ఊహించి పూయడమే అవుతుంది, దాన్ని రంగు సవరణ అనడం కష్టం.

స్కాన్ చేయించేటప్పుడు రంగు సవరణ చేయని అసలు స్కాను ప్రతిని కూడా తప్పకుండా అడిగి తీసుకోండి. తర్వాత వచ్చే సాధనాలతో మళ్లీ ప్రయత్నించవచ్చు. గోడ మీద వేసిన బొమ్మను కెమెరాతో చిత్రించే పద్ధతిని మాత్రం ఎంచుకోవద్దు. చిత్ర నిర్మాతల వద్ద గాని, చెన్నై లాబుల్లో గాని నెగెటివ్ మిగిలి ఉందేమో, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో వేరే ప్రింటు ఉందేమో ముందుగా విచారించండి. ఎక్కడా లేదని తేలితే మీ బేస్‌మెంటులోని ఎర్ర ప్రింటు విలువ వేరే స్థాయిలో ఉంటుంది, దాన్ని ఇకపై ప్రొజెక్టరు మీదకు ఎక్కించకుండా ఉండటమే మంచిది. స్కాన్ చేసిన ప్రతిని బహిరంగంగా ప్రదర్శించాలంటే హక్కుదారుల అనుమతి అవసరం.

ప్రశ్న: ప్రింటును ఎక్కువసార్లు ఆడిస్తే లాంపు వెలుగుకు రంగు ఇంకా త్వరగా పోతుందా? మా మేడ మీది గదిలో ఉన్న ప్రింట్లను ఎలా దాచాలి?
– కాకినాడ

జవాబు: లాంపు వెలుగు ఒక్కొక్క ఫ్రేము మీద పడేది సెకనులో 24వ వంతు కంటే తక్కువ సేపు. ఆడించడం వల్ల ప్రింటుకు వచ్చే ప్రమాదం గీతలు, జాయింట్లు ఊడటం, రంధ్రాలు చిరగడమే కాని, రంగు వెలియడం కాదు. రంగును చంపేది ఏళ్ల తరబడి డబ్బాలో కూర్చున్నప్పుడు తగిలే వేడి, తేమ. కోస్తా ఎండలకు మేడ మీది గది, ముఖ్యంగా రేకుల కప్పు ఉన్న గది, అతి చెడ్డ చోటు. రంగు ఫిల్ములను దీర్ఘకాలం నిలపడానికి ఆర్కైవులు 2 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో, 20 నుంచి 30 శాతం తేమలో ఉంచుతాయి. ఇంట్లో అది సాధ్యం కాకపోయినా, కింది అంతస్తులో ఎండ తగలని గదిలోకి మార్చడం, వీలైతే ఎ.సి. ఉన్న గదిలో ఉంచడం ఎంతో తేడా తెస్తుంది.

డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే రంగుతో పాటు ఫిల్ము ఆధారమైన అసిటేటు కూడా క్షీణిస్తోందని అర్థం. అలాంటి రీలును మిగతా వాటికి దూరంగా, గాలి తగిలేలా ఉంచండి, ఎందుకంటే ఆ ఆమ్లం ఆవిరి పక్క రీళ్లలోనూ అదే క్షీణతను వేగిరపరుస్తుంది. వాసన ఎక్కువై ఫిల్ము ముడుచుకోవడం మొదలైతే దాని రంగు సంగతి పక్కన పెట్టి, వెంటనే స్కానింగుకు పంపండి. ముడుచుకున్న ఫిల్ము గేటులో సరిగా కూర్చోదు, రంధ్రాల దగ్గర చిరుగుతుంది, అప్పుడు ఎంత మంచి ఫిల్టరు ఉన్నా ఆడించడానికి వీలుండదు.